మీ ఊరి చెరువు గురించి అడిగించండి

ప్రశ్న: మాస్టారూ, నాకు నలభై ఆరేళ్ళు. ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పిల్లలకు డిజిటల్ నైపుణ్యాలు, ఏఐ గురించి చెప్పే బాధ్యత ఈ ఏడాది మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. వారానికి ఒక పీరియడ్. బడిలో పది కంప్యూటర్లున్నాయి, పనిచేసేవి మూడే. మిగతావాటికి యూపీఎస్ బ్యాటరీలు పోయాయంటున్నారు. ఒక గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి వాడే పెద్ద డిజిటల్ తెర) ఉంది. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలు ఎఫ్ఏకి (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి) తెచ్చిన ప్రాజెక్టు పనులు దిద్దుతుంటే పదకొండింటిలో దాదాపు ఒకే వాక్యాలు కనిపించాయి. గట్టిగా అడిగితే చాట్‌జీపీటీలో రాయించామన్నారు. ఆ వారమే ఒక తండ్రి వచ్చి, 'పక్క ఊరి ప్రైవేటు బడిలో ఆరో తరగతి నుంచే ఏఐ చెబుతున్నారట, మీరెప్పుడు చెబుతారు?' అని అడిగారు. నిజం చెప్పాలంటే ఈ ఫోన్ల విషయంలో నాకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు. నాకే రాని విద్యను నేనెలా నేర్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

టీచర్ గారూ,

'నాకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు' అన్న మాట నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. మొదట వీసీఆర్ గురించి అన్నారు, తర్వాత సెల్‌ఫోను గురించి, ఇప్పుడు ఏఐ గురించి. ప్రతిసారీ అది సగమే నిజం. పల్లె పిల్లల చదువుల మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వెలువరించిన అసర్ 2024 నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్ళలో సర్వేకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి ఫోను వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. పిల్లలకు ఎక్కువగా తెలిసిందేమిటో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

మీ పదో తరగతిలో అందరికంటే చురుకైన కుర్రాణ్ణి పిలిచి మూడు పనులు చెప్పి చూడండి. తన ఫోటోను యాభై కేబీకి తగ్గించమనండి. దాన్ని ఈమెయిలుకు జతచేసి పంపమనండి. పోయిన వారం దించుకున్న ఫైలు ఎక్కడుందో వెతికి చూపమనండి. రీళ్ళు చేయడంలో ఆరితేరినవాడు ఇక్కడ తెల్లమొహం వేసినా ఆశ్చర్యపోకండి. పాలిసెట్ దరఖాస్తుకు, స్కాలర్‌షిప్పుకు, ఎక్కడో తప్పుపడిన ఇంటిపేరు దిద్దించుకోవడానికి ఊళ్ళోవాళ్ళు నెట్ సెంటరులో డబ్బు కట్టి చేయించుకునేది ఇలాంటి పనులే. మొదటి రెండు నెలలూ మీ సిలబస్ ఇదే అనుకోండి. వీటితోపాటు తెలుగులో టైపు చేయడం, ఫైలుకు అర్థమయ్యే పేరు పెట్టడం, ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడకపోవడం. యూపీఐ పిన్ మనం డబ్బు పంపడానికో, ఖాతాలో నిల్వ చూసుకోవడానికో కొట్టేది, మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు అన్న సంగతి నేర్పిన రోజు, దాన్ని ఇంటికి వెళ్ళి అమ్మకో నాయనమ్మకో చెప్పి రమ్మనండి. ఇంతకు మించి దీని గురించి రాయను, మీరే బాగా చేస్తారు.

ఇక ఏఐ సంగతి. రాని విద్య అన్నారు గానీ, ఇందులో ముఖ్యమైన సగం మీకు వచ్చిన విద్యే. ఎవరేం చెప్పినా 'ఆధారమేది?' అని అడగడం సైన్సు చెప్పేవారి వృత్తి కదా.

చాలా బడుల్లో జరిగే పొరపాటు ఒకటి నేను చూశాను. ఏఐని పరిచయం చేయడానికి పిల్లలకు ఏమాత్రం తెలియని పెద్ద పెద్ద సంగతులు అడిగిస్తారు. కృష్ణబిలాలు, అమెజాన్ అడవులు, రెండో ప్రపంచ యుద్ధం. జవాబు గడగడా వచ్చేస్తుంది, పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు, గంట కొడతారు. ఆ పీరియడ్‌లో వాళ్ళు నేర్చుకున్నది ఒక్కటే: దీనికి తెలియనిది లేదని. తెలియని విషయం అడిగినప్పుడు వచ్చిన జవాబులో తప్పేదో ఒప్పేదో పట్టుకునే దారి పిల్లవాడికి లేదు. అందుకని మీరు దీన్ని తిరగేయండి. యంత్రంకంటే తమకే బాగా తెలిసిన విషయాన్ని పిల్లల చేత అడిగించండి.

మీ ఊరి చెరువు గురించి అడిగించండి. ప్యానెల్ మీద, మీ ఖాతాతోనే, అందరూ చూస్తుండగా. ఫలానా మండలంలో ఫలానా ఊరి చెరువు ఎవరు తవ్వించారు, దానికి ఎన్ని తూములు, ఆయకట్టు ఎంత, గట్టు మీద ఏ దేవత గుడి ఉంది, తిరునాళ్ళు ఎప్పుడు? ఒక్కోసారి అది 'నా దగ్గర సమాచారం లేదు' అంటుంది. అది మంచి జవాబేనని పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఒక్కోసారి మాత్రం ఏ రాజో తవ్వించాడనీ, పక్కనే శాసనం ఉందనీ తడుముకోకుండా రాసేస్తుంది. మా ఊరి చెరువు గురించి నేనడిగితే కాకతీయుల కాలం నాటిదని చెప్పింది. మా చెరువు కరువు పనుల్లో తవ్వినది, ఆ మట్టి తట్టలు మోసినవాళ్ళలో మా నాన్న ఒకరు. కానీ అది రాసిన తెలుగు ఎంత చక్కగా ఉందంటే, ఒక్క క్షణం మా నాన్న మాటనే అనుమానించాను.

ఆ జవాబును కాగితం మీదికి ఎక్కించి, పిల్లల్ని జట్లుగా విడగొట్టి ఊళ్ళోకి పంపండి. ఒక జట్టు పెద్దవాళ్ళ దగ్గరికి, ఒకటి నీటి సంఘంలో పనిచేసినవారి దగ్గరికి, ఒకటి చెరువు గట్టు మీదికే. వచ్చాక యంత్రం చెప్పిన ఒక్కో వాక్యం పక్కన నిజమనో తప్పనో రాయాలి. 'తేలలేదు' అనే మూడో గడి కూడా పెట్టించండి. తాతగారు చెప్పిందీ తప్పు కావచ్చు, ఇద్దరు తాతలు రెండు రకాలుగా చెప్పవచ్చు. మా బడిలో ఈ పని చేయించినప్పుడు ఎక్కువ గొడవ జరిగింది ఆ మూడో గడి దగ్గరే. నాకు తెలిసి ఆ ఏడాది మొత్తంలో పిల్లలు అంత శ్రద్ధగా వాదించుకున్న పీరియడ్ మరొకటి లేదు.

ఎందుకలా లేనిపోనిది రాసిందని వాళ్ళు అడుగుతారు. అప్పుడు ఒక ఆట ఆడించండి, దీనికి కరెంటు కూడా అక్కర్లేదు. బోర్డు మీద 'అనగనగా ఒక' అని రాసి, తర్వాతి మాటను ఎవరి కాగితం మీద వాళ్ళను రాయమనండి. కొందరు 'ఊరిలో' అని రాస్తారు, కొందరు 'రాజు' అని, వెనక బెంచీవాడు ఎవడో 'డైనోసార్' అని. ఎక్కువమంది రాసిన మాటను బోర్డు మీదికెక్కించి, దాని తర్వాతి మాట మళ్ళీ అడగండి. పావుగంటలో రాజు, ఆయనకు ఏడుగురు కొడుకులు తయారవుతారు. ఆ రాజు ఎక్కడైనా ఉన్నాడా? లేడు. మీలో ఎవరైనా అబద్ధం ఆడారా? అదీ లేదు. చాట్‌జీపీటీలాంటి, మాటకు మాట రాసి జవాబిచ్చే చాట్‌బాట్ వెనక ఉన్న యంత్రాంగం మూలంలో ఇదే. లెక్కలేనన్ని పేజీల రాతను మేసి, ఇంతవరకూ వచ్చిన మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కకట్టి ఒక్కో ముక్కా పేర్చుకుంటూ పోతుంది. చెరువు, శాసనం, కాకతీయులు అన్న మాటలు పుస్తకాల్లో పక్కపక్కనే కనబడతాయి. అందుకే మా చెరువునూ వాళ్ళ ఖాతాలో వేసిందని నా అనుమానం. ఈమధ్య వచ్చిన చాట్‌బాట్లు ఇంటర్నెట్‌లో వెతికి, ఆధారంగా ఏవో పేజీలు కూడా చూపిస్తున్నాయి. అలాంటప్పుడు ఆ పేజీ తెరిచి, అందులో నిజంగా ఆ మాట ఉందో లేదో చూడటమే పాఠం.

తెలుగు విషయంలో దీని తడబాటు ఇంకాస్త ఎక్కువ. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు రాత చాలా తక్కువ. పైగా కంప్యూటరు మన అక్షరాన్ని మనం చూసినట్టు చూడదు. అక్షరాలను అంకెలుగా దాచుకునే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు (కంప్యూటరు జ్ఞాపకంలో ఒక చిన్న గడి) చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం అనే ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. ఇది పిల్లలకు భలే నచ్చే సంగతి. మీ తెలుగు మాస్టారికి ఓపిక ఉంటే ఆయన పీరియడ్ ఒకటి అడిగి తీసుకోండి. చాట్‌బాట్‌ను ఉత్పలమాల పద్యం రాయమని, పదో తరగతి పిల్లల చేత దానికి గురులఘువులు పెట్టించండి. పాదానికి ఇరవై అక్షరాలు, భరనభభరవ గణాలు, పదో అక్షరం యతి. ఎక్కడ కుంటుందో వాళ్ళే పట్టేస్తారు. ఛందస్సు ఎందుకు నేర్చుకోవాలని గొణిగే పిల్లలకు, ఆ పరికరం చేతిలో ఉండబట్టే ఇంత పెద్ద యంత్రాన్ని నిలదీయగలిగామని తెలుస్తుంది. మీ సైన్సు పుస్తకంలోనూ ఒక సదుపాయం ఉంది. ఒక పక్క ఇంగ్లీషు, మరో పక్క తెలుగు. ఇంగ్లీషు పేరాను యంత్రం చేత అనువాదం చేయించి, ఎదుటి పేజీలోని తెలుగుతో పోల్చమనండి. ఒక్కోసారి యంత్రం రాసిందే బాగుంటుంది, అదీ ఒప్పుకోవాలి.

మీరు జీవశాస్త్రం వారు కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. గూగుల్ వారి టీచబుల్ మెషీన్ అనే ఉచిత పేజీ ఒకటుంది. ఫోటోలు చూపించి దేన్నైనా గుర్తుపట్టడం యంత్రానికి నేర్పవచ్చు, ప్రోగ్రామింగు అక్కర్లేదు. కెమెరా లేకపోతే ఫోనుతో తీసిన ఫోటోలు ఎక్కించవచ్చు. వేపాకు, కరివేపాకు తీసుకోండి. వేపాకులన్నిటినీ సిమెంటు గచ్చు మీద పెట్టి ముప్ఫై ఫోటోలు తీయించండి. కరివేపాకులన్నిటినీ పాత వార్తాపత్రిక మీద పెట్టి మరో ముప్ఫై. యంత్రానికి నేర్పాక, ఒక వేపాకును పత్రిక మీద పెట్టి చూపించండి. అది కరివేపాకు అనే అవకాశం బాగా ఉంది. అంటే అది నేర్చుకున్నది ఆకును కాదు, అచ్చు కాగితాన్ని. వేపాకు అంచుకు రంపపు పళ్ళుంటాయని చూసే కన్ను మీ పిల్లలకు ఉంది, దానికి మనం చూపించిన ఫోటోలే దిక్కు. ఫోటోలు మార్చి మార్చి తీసి, ఎండిన ఆకులు కూడా కలిపి, మళ్ళీ నేర్పించండి. ఎంత మెరుగైందో వాళ్ళే చెబుతారు. మసక వెలుతురులో ముఖం గుర్తుపట్టక మొరాయించే హాజరు యాప్‌తో రోజూ కుస్తీ పట్టే ఉపాధ్యాయులకు ఈ పాఠం ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. కేరళలో 2024-25 నుంచి ఏడో తరగతి ఐసీటీ (కంప్యూటరు పాఠాల) పుస్తకంలోనే, మనిషి ముఖంలో భావాన్ని గుర్తుపట్టే ప్రోగ్రాంను పిల్లలు సొంతంగా తయారుచేసే పాఠం పెట్టారు. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం మీద దృష్టి పెట్టింది. మీకు ఆ భాగ్యం కలగలేదు కాబట్టి ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

ఆ పదకొండు ప్రాజెక్టుల దగ్గరికి వస్తాను. కోపం వస్తే రానివ్వండి గానీ, కాస్త న్యాయంగా ఉందాం. ఎఫ్ఏలో ఉన్న నాలుగు అంశాల్లో ప్రాజెక్టు పని ఏనాడో ప్రాణం విడిచింది, దాన్ని ఏఐ వచ్చి చంపలేదు. మునుపు గైడు చూసి దించేవాళ్ళు, పుస్తకాల కొట్లో బొమ్మల చార్టు కొని అతికించేవాళ్ళు, అన్నయ్య పోయిన ఏడు రాసినదానికి అట్ట మార్చి తెచ్చేవాళ్ళు. అలాంటివాటికి నా చేతులతో నేనే మార్కులు వేశాను. రాత చక్కగా ఉంటే ఒకటి ఎక్కువే వేశాను.

ఏఐ రాతను పట్టిస్తామని చెప్పే సాధనాల జోలికి మాత్రం పోకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటిదొకటి తెచ్చి, సరిగా పనిచేయడం లేదని జూలైలో వెనక్కి తీసుకుంది. వాళ్ళ సొంత పరీక్షలో ఏఐ రాసిన ఇంగ్లీషు రాతల్లో అది పట్టుకున్నది 26 శాతమే. ఇక తెలుగులో, అదీ చేత్తో రాసిన కాగితం మీద, దాన్ని నమ్మి ఒక పిల్లను దొంగ అనడం ఎంత ఘోరం?

మీ చేతిలో ఉన్నది ప్రశ్న. దాన్ని మార్చండి. 'దోమల జీవితచక్రం' అని ఇస్తే మీకు పదకొండు ఒకే రకం జవాబులు వస్తాయి. 'మీ వీధిలో అయిదిళ్ళలో నీళ్ళ తొట్లు చూసి, ఏ తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయో, ఆ నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి నిలవ ఉన్నాయో రాయండి' అని ఇస్తే ఆ సంగతి ఏ యంత్రానికీ తెలియదు. తెచ్చినదాని మీద ఒక్కొక్కరినీ రెండు నిమిషాలు నోటితో ప్రశ్నించండి. నలభై మంది ఉంటే అందరినీ ఒకే రోజు అడగలేరు, వారానికి పదిమందిని అడగండి. ఏఐ వాడటాన్ని పూర్తిగా నిషేధించకండి. వాడినవాళ్ళు ఏం అడిగారో, అది ఏం చెప్పిందో, తాము ఏం మార్చారో కాగితం చివర నాలుగు వరసలు రాయాలని నియమం పెట్టండి. ఇప్పటి పదకొండు మందికీ శిక్ష ఏమిటంటారా? వాళ్ళ ప్రాజెక్టు వాళ్ళకే తిరిగి ఇచ్చి, పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకుని అందులో తప్పయినవో, పుస్తకంతో కలవనివో మూడు సంగతులు పట్టుకురమ్మనండి. మొదటిసారికి అంతకంటే వద్దు.

ఖాతాల గురించి ఒక జాగ్రత్త. పిల్లల పేర్లతో చాట్‌బాట్ ఖాతాలు తెరిపించకండి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారమే పదమూడేళ్ళు నిండని వాళ్ళు వాడకూడదు, పద్దెనిమిదిలోపు వాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళను పిల్లలుగానే లెక్కకట్టి, వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. తరగతి ఫోటో ఎక్కించి బొమ్మగా మార్చడం, మార్కుల జాబితా అతికించి విశ్లేషించమనడం వద్దు. మనం కూడా తక్కువ తినలేదు. పిల్లల ఆధార్ నంబర్ల జాబితాను వాట్సాప్ గ్రూపులో 'అర్జెంటు' అని పెట్టిన ప్రధానోపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి.

ఆడపిల్లల మాట విడిగా చెప్పాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్న చేతికి పోతుంది, బడిలో ఉన్న మౌసు మగపిల్లాడి చేతికి పోతుంది. మూడు కంప్యూటర్ల దగ్గర వంతులు మీరే రాసి గోడకు అంటించండి, కీబోర్డు ముందు ఎవరు, పక్కన ఎవరు అన్నది కూడా అందులో ఉండాలి. ఒకరి ముఖాన్ని మరో ఒంటికి అతికించి బొమ్మలు చేయడం ఇప్పుడు పిల్లచేష్టంత తేలికైపోయింది. దాని గురించి ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే సగం పనే అవుతుంది. అది నేరమని మగపిల్లలకు చెప్పాలి, అలాంటిది జరిగితే తప్పు ఆ పిల్లది కాదని అందరి ముందూ చెప్పాలి. ముందు మీ దగ్గరికి రమ్మనండి. చైల్డ్‌లైన్ 1098, డబ్బు మోసాలకు 1930, ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల పోర్టల్‌లో, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఆ తండ్రికి ఏం చెప్పాలంటారా? ఆయన కంగారులో తప్పులేదు. సీబీఎస్ఈ 2019-20 నుంచే తొమ్మిదో తరగతిలో ఏఐని ఐచ్ఛికాంశంగా పెట్టింది. మూడో తరగతి నుంచే ప్రవేశపెడతామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఆ ప్రైవేటు బడిలో ఏం చెబుతున్నారో మీకూ నాకూ తెలియదు, బోర్డు మీద రాసినంత చెబుతున్నారేమో కూడా తెలియదు. వాదన పెట్టుకోకుండా, చెరువు పాఠం రోజున ఆయన్ను బడికి పిలవండి. ఆయకట్టు రైతయితే పిల్లలు ప్రశ్నలు అడగాల్సిన మనిషి ఆయనే.

మిగిలింది ఆ ఏడు కంప్యూటర్లు. దేశం మొత్తం బడుల్లో 2024-25 యూడైస్ (కేంద్ర విద్యాశాఖ సేకరించే బడుల వివరాల) లెక్కల ప్రకారం కంప్యూటర్లున్నవి 64.7 శాతమే, కాబట్టి మూడే పనిచేస్తున్నాయని మరీ చిన్నబోకండి. విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటులోంచి ఒకటి రెండు బ్యాటరీలు కొనే వీలుందేమో మీ ప్రధానోపాధ్యాయులను, పాఠశాల యాజమాన్య కమిటీని అడగండి. అయితే అంతకంటే ముందు, ఆ యూపీఎస్‌లు పక్కనబెట్టి ఒక్కో కంప్యూటరునూ నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి మీటనొక్కి చూడండి. మా బడిలో నాలుగేళ్ళు మూలన పడేసిన వాటిలో రెండు అలాగే లేచి కూర్చున్నాయి.